రేడియో చెప్పని మాట

నేను చెప్పిన ఒక అబద్ధాన్ని మా వీధి ఇప్పటికీ రేడియో చెప్పిందనే అనుకుంటోంది. యుద్ధం రోజుల నుంచి ఆ బరువు నా మీద ఉంది. మా ఆయనకు కూడా తెలియదు. పిల్లలు నిద్రపోయారు కాబట్టి రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

కడప దగ్గర ఒక నేతవాళ్ల వీధిలో మేం బాడుగకు ఉంటున్నాం. మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. వీధి మొత్తానికి రేడియో మా ఇంట్లోనే ఉండేది. తెలుగు వార్తల వేళకు ఎవరూ మగ్గం వదిలేవారు కాదు. వెలుతురు తగ్గాక మగ్గం గుంటలోంచి లేచి, చేతులు కడుక్కుని మా అరుగు మీదికి చేరేసరికి ఇంగ్లీషు వార్తలు వచ్చేవి. మద్రాసులో కాలేజీ చదివినదాన్ని కాబట్టి నేను విని తెలుగులో చెప్పేదాన్ని.

అది బ్యాటరీ రేడియో. మధ్యమధ్య గరగరమని మాట తెగిపోయేది. మొదట్లో ‘ఇక్కడ వినపడలేదు’ అనేదాన్ని. “కాలేజీ చదువుకు గూడా ఇనపడదంట!” అని ఎదురింటి ఓబులమ్మ నవ్వేది, అరుగంతా నవ్వేది. రానురాను తెగినచోట నేనే అతికించడం మొదలుపెట్టాను. ముందు మాట, వెనక మాట చూస్తే మధ్యలోది తెలిసిపోతుందనుకునేదాన్ని. చాలాసార్లు సరిపోయింది కూడా.

ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లలో కలరా వచ్చింది. అది సోకకుండా ఆసుపత్రిలో సూదులు వేస్తున్నారు. నా పెద్దవాడికి అప్పుడు రెండేళ్లు. వాడి చేతికి సూది గుచ్చుతారంటేనే నాకు గుండె దడ. ఆ సాయంత్రం వార్తల్లో కలరా అన్నది వినపడింది, సూది అన్నది వినపడింది, ఇద్దరు పిల్లలు పోయారన్నది వినపడింది. మధ్యలో గరగర. సూది వేయించుకున్న పిల్లలు ఇద్దరు చనిపోయారని చెప్పేశాను. అలవాటు కొద్దీ అతికించానా? నా భయానికి ఏది కావాలో అది అతికించానా? రెండోదే నిజమని ఇప్పుడు అనిపిస్తోంది.

మరుసటి ఉదయం తెలుగు వార్తలు స్పష్టంగా వచ్చాయి. చనిపోయిన ఇద్దరూ సూది వేయించుకోనివాళ్లు. వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి, విన్నది నేనొక్కదాన్నే. జట్కా పిలిపించి నా బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోయి సూది వేయించాను. వచ్చేటప్పుడు వాడికి నిండు చేతుల చొక్కా తొడిగాను. ఎండకని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం అందరూ వచ్చారు. చెబుదామని నోరు తెరిచి యుద్ధం వార్తలు చెప్పాను. రేపు చెప్పవచ్చులే అనుకున్నాను. మర్నాడూ అంతే.

ఓబులమ్మ తన కూతురు చెన్నమ్మకు సూది వేయించలేదు. ఆ వారంలోనే ఆ పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. తెల్లవారేసరికి పోయింది.

తరువాత కొన్నాళ్లకు సూదులు వేయించుకోమని చెప్పడానికి ప్రచారం వ్యాను వచ్చింది. అందులో వచ్చిన ఉద్యోగికీ రేడియోకూ సంబంధం లేదు. కానీ వ్యాను మీది మైకు డబ్బాలోంచి మాట వచ్చింది కాబట్టి వీధికి అతనూ రేడియో మనిషే. ఓబులమ్మ వ్యానుకు అడ్డంగా నిలబడింది.

“ఏమప్పా, సూది ఏస్తే సస్తారని మీ రేడియోనే చెప్పె. ఇప్పుడొచ్చి ఏయించుకోమంటాండావే! నా బిడ్డకు ఏం జవాబు చెప్తావు?”

“రేడియో అట్ల చెప్పలేదమ్మా. ఏయించుకోనోళ్లే పోయినారని చెప్పింది. నేనూ విన్నా.”

“ఇంగిలీసు రానోళ్లమని ఏమైనా చెప్తావా? ఇదో, ఈయమ్మ శానా చదువుకునింది. ఈయమ్మనే అడుగు.”

అతను నా వైపు తిరిగాడు. “మీరు విన్నారామ్మా? ఏం చెప్పినారు?”

నా కొడుకు నా చంకలో ఉన్నాడు.

“అట్లే చెప్పినారు,” అన్నాను.

అతను నా ముఖం చూసి వ్యాను ఎక్కాడు. జనం వ్యాను మీద మన్ను చల్లారు. ఒక్కరికీ సూది పడకుండానే అది వెళ్లిపోయింది. వీధి పెద్దలు అతని మీద కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నారు. అతన్ని ఎటో మార్చేశారని విన్నాను. ఆ ఎండాకాలం మా వీధిలో ఇంకా చావులు జరిగాయి. వాటిలో నా మాట వల్ల పోయినవి ఏవో నేను తేల్చుకోలేను.

వార్త చెప్పినవాళ్లు దానికి జవాబు చెప్పాలని ఓబులమ్మ అడగడం న్యాయమే. అడగవలసిన మనిషి ఆమె పక్కనే నిలబడి ఉంది.

ఓబులమ్మ ఇప్పటికీ ఎదురింట్లోనే ఉంది. మొన్న నా చిన్నవాడికి జ్వరం వస్తే ముందు వచ్చింది ఆమే. “ఆ డబ్బా మాట ఇనుకుంటా కూచోవద్దు, డాక్టరు కాడికి పోదాం పా,” అని తొందరపెట్టింది. వాణ్ణి ఎత్తుకుని ఆమె వెనకే పోయాను.

ఆమెకు ఎప్పటికైనా చెబుతానో లేదో తెలియదు. చెప్పినా క్షమించమని ఆమెను అడిగే ముఖం నాకు లేదు. రేడియో ఆ మాట చెప్పలేదు. నేను చెప్పాను. తప్పని తెలిశాక, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు, మళ్లీ చెప్పాను. ఈ నాలుగు మాటలు కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. పెట్టాక కాస్త ఊపిరి ఆడుతోంది.