చప్పుడు లేని బండికి నోరిచ్చిన బాబాయి

డుర్రు బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. బండిని చేతులతో, కాళ్ళతో కాక నోటితో నడపడం.

మునిసిపాలిటీ చెత్తబండికి డ్రైవరాయన. డీజిలు బండి డుర్రుమంటుంటే, పాపం దానికి తోడెవరున్నారని తనూ డుర్రుమనేవాడు. అక్కడితో ఆగితే బావుండును! కుర్చీలోంచి లేవాలన్నా సెల్ఫు కొట్టాల్సిందే. చలికాలంలో అయితే ఒక పట్టాన అందుకునేవాడు కాదు. ఇరుకు వంటింట్లోంచి వెనక్కి రావాలంటే "పీం... పీం... పీం" అని కూత పెట్టేవాడు. పిన్ని భోజనానికి పిలిస్తే గేర్లు మార్చుకుంటూ వచ్చి, కంచం ముందు కీచుమని బ్రేకు వేసేవాడు.

"మనిషిని కట్టుకున్నానో లారీని కట్టుకున్నానో నాకే తెలీదు" అనేది పిన్ని.

అలాంటి మనిషి చేతికి కరెంటు బండి వచ్చిపడింది.

దాన్ని తెప్పించింది మునిసిపాలిటీ బండ్ల షెడ్డు ఇంజినీరమ్మ. పొగ రాదు, చప్పుడు రాదు అని కమిషనరు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి మరీ సాధించింది. మొదటి బండి బాబాయికే ఇచ్చింది. ఎంత ఇరుకు సందులోనైనా గీత పడకుండా తిప్పేది ఆయనే మరి. బాబాయి తాళం తిప్పాడు. చడీచప్పుడు లేదు.

"అమ్మాయ్, ఇది బతికే ఉందా?"

"ఉంది బాబాయ్, పోనియ్."

"పోనీ ఒక్కసారి దగ్గమను."

బండి దగ్గలేదు. ఆ లోటు బాబాయే తీర్చాడు.

కొద్దిరోజులకే కమిషనరు ఇంజినీరమ్మను పిలిపించాడు. "ఏమ్మా, చప్పుడుండదన్నారు! తెల్లారేసరికి డీజిలు మోత అని ఒకటే ఫోన్లు. పాత బండికి రంగేసి తిప్పుతున్నామట!"

"మోత బండిది కాదు సార్... డ్రైవరుది."

కమిషనరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "రేపటికల్లా ఆగాలి. లేదా ఆయన్ని దింపేసి స్టోర్సులో కూర్చోబెట్టండి."

ఇంజినీరమ్మ దిగులుగా షెడ్డుకి తిరిగొచ్చింది. స్టీరింగు లేని బాబాయా! చీపురుకట్టల మధ్య కూర్చుని ఆ మనిషి బతుకుతాడా?

మర్నాడు తనే వెళ్ళి పక్కసీట్లో కూర్చుంది. "ఇవాళ డుర్రుమన్నావో, ఈ సీటు నీది కాదు బాబాయ్. ఇక నా చేతుల్లో కూడా ఏమీ లేదు."

బాబాయి బుద్ధిగా పెదాలు బిగించాడు. బజారు వీధి దాటింది, బడి వీధి దాటింది. బుగ్గలు ఉబ్బిపోతున్నాయి. లేని గేరు కోసం ఎడమ చెయ్యి గాల్లో తడుముకుంటోంది. ఇంజినీరమ్మకి జాలీ వేసింది, నవ్వూ వచ్చింది.

కుళాయి సందు మలుపు తిరగ్గానే, "డుర్ర్ర్ర్ర్!"

"బాబాయ్!"

"ఈ ఒక్క సందూ వదిలెయ్ తల్లీ!"

ఎదురుగా, చూపులేని సంగీతం టీచరమ్మ చెత్తబుట్టతో మెట్టు దిగుతోంది. చప్పుడు వినగానే టక్కున ఆగి గోడవారకు జరిగింది. బాబాయి కాస్త దూరంలో బండి ఆపి, నోటిని మాత్రం ఆపకుండా, మధ్యమధ్య గుసగుసగా చెప్పుకొచ్చాడు.

"కొత్త బండి తెచ్చిన రోజు... డుర్ర్... వినపడక సరాసరి అడ్డం వచ్చేసిందమ్మా. నా పైప్రాణాలు పైనే పోయాయి... డుర్ర్..."

"బండి మారిందని చెప్పొచ్చుగా?"

"చెబితే భయపడి మెట్టు దిగడమే మానేస్తుంది. ఆవిడ నలుగురితో మాట్లాడేది ఈ కాసేపే... డుర్ర్..."

"మరి ఊరంతా ఎందుకూ?"

బాబాయి సిగ్గుపడ్డాడు. "ఆ సంగతంటావా, అది మన సరదా."

నోట్లో ఇంజను ఆపేసి దిగి, బుట్ట అందుకుని బండి వెనక్కి వెళ్ళాడు. ఇంజినీరమ్మ టీచరమ్మ దగ్గరికి నడిచి, తను ఫలానా అని చెప్పుకుంది.

"షెడ్డు నుంచా అమ్మా? మీ బండికి ఇవాళ శ్రుతి తగ్గింది. జలుబు చేసినట్టుంది, అల్లం టీ పట్టించండి."

ఇంజినీరమ్మ నోరు తెరిచింది. "మీకు తెలుసా!"

"మొన్న మూడో గేర్లో తుమ్మింది తల్లీ. డీజిలు బండి ఎక్కడైనా తుమ్ముతుందా?" టీచరమ్మ గొంతు తగ్గించింది. "నాకు తెలుసని ఆయనతో అనకు. అంత కష్టపడి చేస్తున్నాడు, చిన్నబుచ్చుకుంటాడు. ఆ చప్పుడు ఉంది కాబట్టే ధైర్యంగా మెట్టు దిగుతున్నాను."

ఇంజినీరమ్మ బాబాయిని వెంటబెట్టుకుని తిన్నగా కమిషనరు ఆఫీసుకి వెళ్ళింది. ఆయన్ని వరండాలో నిలబెట్టి, తను లోపలికెళ్ళి జరిగిందంతా చెప్పింది.

"మిగతా కరెంటు బండ్లకి శబ్దం చేసే యంత్రం పెట్టిద్దాం సార్. చూపులేనివాళ్ళకి అది తప్పనిసరి. ఈ బండికి మాత్రం ఉన్నదే ఉండనివ్వండి."

కమిషనరు నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలు పడ్డాడు. "దీనికి ఛార్జింగు ఎలా?"

"అల్లం టీ సార్."

"సరే. కుళాయి సందులో ఎంత మోతైనా పరవాలేదు. మిగతా వీధుల్లో కాస్త మెల్లగా మోగమనండి."

బాబాయిని లోపలికి పిలిచి ఆ మాటే చెప్పారు. ఆయన మొహం చాటంతైంది. చేతులు జోడించి, మరీ మెల్లగా, "పీం... పీం... పీం" అంటూ గుమ్మం వైపు వెనక్కి నడిచాడు.

కమిషనరు తనకు తెలీకుండానే కుర్చీ పక్కకి జరుపుకున్నాడు.