వేలు ఒకచోట, నోరు ఒకచోట

పాఠం చదువుతున్న ఆమె వేలు మూడో వరుస మీద ఉంది. నోరు మాత్రం ఐదో వరుసలో ఉంది. అది చదవడం కాదని అప్పుడే తెలిసిపోయింది.

ఐదారేళ్ళ కిందటి మాట. నర్సీపట్నంలో మా వీధి వయోజన విద్యా కేంద్రానికి నేను టీచర్ని. ఆ సాయంత్రం తనిఖీకి ఓ అధికారి వచ్చాడు. పక్కనే మా సూపర్‌వైజర్ నవ్వుతూ నిలబడ్డాడు. మా చిన్నవాడికి జ్వరమని నేను నాలుగు రోజులు సెంటరుకి వెళ్ళలేదు. ఆ నాలుగు రోజుల్లో సూపర్‌వైజర్ మొదటి పాఠమంతా ఆడవాళ్ళ చేత బట్టీ పట్టించేశాడు, అందరికీ చదవడం వచ్చేసిందని రికార్డుల్లో రాసుకోవడానికి.

ఆమె జీడిపిక్కలు కొట్టే మనిషి. జీడి రసానికి వేళ్ళు నల్లబడి, పుస్తకం ముట్టుకోవడానికే సిగ్గుపడేది. అందుకని మొదటి నెల నేను పుస్తకం తెరవనే లేదు. సుద్దముక్కతో గచ్చు మీద రాయించాను. ముందు కూతురి పేరు. అది కుదిరాక, కూతురు కాపురముంటున్న నాతవరం ఊరి పేరు. ఆ తర్వాత బస్సుల దగ్గరికి తీసుకెళ్ళి, ఆ బోర్డు వెతకమన్నాను. మూడో బస్సు దగ్గర ఆగి నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఎవరినీ అడక్కుండా కూతురి దగ్గరికి వెళ్ళి రావాలి, ఆమెకు కావలసింది అంతే. తిరుగు బస్సు కోసం నర్సీపట్నం అన్న పేరొక్కటే నేర్చుకోవడం మిగిలింది.

అధికారి పేజీ తిప్పి, ఇది చదవమన్నాడు. ఆమె మళ్ళీ మొదటి పాఠమే అందుకుంది. ఆయన నవ్వాడు. ఈ వయసులో బుర్రకెక్కదు లెండి సార్ అంటూ, తనకేమీ తెలియనట్టు సూపర్‌వైజరూ నవ్వాడు. ఆ సూపర్‌వైజర్ చెంప పగలగొట్టాలనిపించింది. పని పోతుందన్న భయంతో నోరు మూసుకున్నాను. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, ఆయన మీద ఎంత కోపమో నా మీదా అంతే కోపం.

బయటికొచ్చాక ఆమె నా మొహం చూడకుండా అంది.

"పుస్తకం సదవతానని నానడిగినానా పంతులమ్మగారూ? నాలుగచ్చరాలొచ్చి సంతోసంగా ఉన్నాను. ఆటిని కూడా నవ్వులపాలు సేసీసినారు. నానింక రాను."

మర్నాడు పొద్దున్న చద్దన్నం కలిపి పెడుతూ పిల్లలకి చెప్పాను. సాయంత్రం సూపర్‌వైజర్ గారొచ్చి అడిగితే, అమ్మ సెంటరుకి రాదు, నిన్న నోరు మూసుకున్న తప్పు ఒప్పుకోవడానికి ఆ జీడిపిక్కలు కొట్టే ఆవిడ ఇంటికి వెళ్ళిందని చెప్పండి. నసగొద్దు, గట్టిగా చెప్పండి అన్నాను.