పాము ఆటకు ముందు అక్క గొంతు

టైరు పగిలి బస్సు ఆగిపోయింది. డ్రైవరును తిట్టడం అయిపోయాక, అందరం ఒక పొడవాటి గోడ నీడకు చేరి ఒకరి సామాను ఒకరు పరీక్షగా చూసుకోవడం మొదలుపెట్టాం. నా పక్కనున్న మనిషి ఒళ్ళో పనిముట్ల పెట్టె ఉంది. ఎంత బరువున్నా కింద పెట్టడం లేదు.

“బంగారమేమైనా ఉందా ఏంటండీ అందులో?” అన్నాను.

“బంగారమైతే కింద పెట్టేవాణ్ణే. పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు,” అన్నాడు.

చుక్కలు పొడిచి అక్షరాలు తీసే పాత ప్రింటర్లను బాగుచేయడమే ఆయన బతుకు. ఆఫీసుల్లో అందరూ ప్రింటరాయన అనేవారట. ఆ ప్రింటర్ల రొద ఇప్పటివాళ్ళకు తెలియదు. ఒక్క బిల్లు తీస్తే చాలు, పక్కవాడి మాట వినబడేది కాదు. కాగితానికి రెండంచులా బెజ్జాల పట్టీలుండేవి. వాటిని చర్రున చింపే సుఖం కోసం బట్టతల ఆఫీసర్లు కూడా పోటీపడటం నేనెరుగుదును. ఇలాంటివి తలచుకుంటే దారి తప్పుతాను. పెట్టెలో ఉన్న క్యాసెట్టు సంగతి చెప్పాలి.

ఆయన చిన్నతనంలో వాళ్ళ నాన్న ఒక కంప్యూటరు తెచ్చాడు. మీటలున్న పలక అంతే, టీవీకి తగిలించుకోవాలి. కరెంటు పోయిందంటే టైపు చేసిందంతా గోవిందా. అందుకని ప్రోగ్రాములను మామూలు టేపురికార్డరులో దాచుకునేవారు. వింటే వట్టి కీచుకూత. ఏ కూత ఏ ఆటదో తెలియాలి కదా, ప్రతి కూతకూ ముందు నోటితో దాని పేరు చెప్పి రికార్డు చేసేవారు. ఆ ఇంట్లో ఆ పని అక్కది.

“‘ఇది పాము ఆట. ఒరే తమ్ముడూ, దీని మీద పాటలెక్కించావో, వీపు విమానం మోత మోగిపోద్ది.’ ప్రతి ఆటకీ ఇదే వరసండీ,” అని నవ్వాడాయన. “అమ్మ లేదు మాకు. నాకు అన్నం పెట్టిందీ, ఈ పనిలో పెట్టిందీ అక్కే. మొన్ననే పోయింది. ఫొటోలు బోలెడున్నాయి. కానీ ఫొటోలు తిట్టవు కదా. గొంతు ఈ ఒక్కదాంట్లోనే ఉంది.”

ఇంట్లో టేపురికార్డరు పాడై చాలా కాలమైంది. అలాంటివి ఇంకా బాగుచేసే ఆవిడ పక్క ఊళ్ళో ఉందని విని బయల్దేరాడు.

పుట్టిన శబ్దం ఎక్కడికీ పోదని కొందరు, పుట్టగానే చచ్చిపోతుందని కొందరు పూర్వం లావుపాటి పుస్తకాలు రాసి పోట్లాడుకున్నారు. అవి చదివి నేను ఏ పక్షమూ తేల్చుకోలేకపోయాను. టైరు మార్చాక బస్సు కదిలింది; పక్క ఊళ్ళో దిగి ఆయన వెంట నడిచాను. నాకు మాత్రం వేరే పనేముంది?

సందు చివర ఇరుకు కొట్టు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని క్యాసెట్టును వెలుతురుకు పట్టి చూసింది.

“రీలు శుభ్రంగా ఉందన్నయ్యా. కూర్చోండి.”

టేపు తిరిగింది. సరసర. ఆవిడ ఇంకో రికార్డరులో పెట్టింది. రెండోవైపు తిప్పింది. అదే సరసర.

“దీని మీద వేరే ఏమైనా ఎక్కించారా?”

“అమ్మో! ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు ఎక్కించేస్తారనే ఈ పెట్టెలో పెట్టుకు తిరిగాను. పనిలో చేరినప్పటి నుంచీ ఇందులోనే ఉంది.”

ఆవిడ పెట్టెలోకి తొంగిచూసింది. ప్రింటర్లలోంచి ఊడదీసిన, చుక్కలు పొడిచే హెడ్లున్నాయి. వాటి కడుపులో అయస్కాంతం ఉంటుంది. పక్కనే, యంత్రాల సందుల్లో పడ్డ మరలను ఏరే గుండ్రటి అయస్కాంతం. దాని చుట్టూ మరలు బెల్లానికి చీమల్లా పట్టి ఉన్నాయి. క్యాసెట్టు పెట్టుకునే చోటు సరిగ్గా వాటి మధ్య. ఆవిడ మూత వేసింది.

“ఫ్లాపీలు స్పీకర్ల మీద పెట్టకండి, అయస్కాంతముంటుంది, అంతా చెరిగిపోతుందని ఆఫీసాఫీసుకీ వెళ్ళి మొత్తుకునేవాణ్ణి,” అన్నాడు ప్రింటరాయన, మా ఇద్దరినీ చూడకుండా. “‘మొదలెట్టాడ్రా బాబూ’ అని నవ్వేవాళ్ళు.”

“ఇంకాస్త ఉంది అన్నయ్యా. చివరి దాకా విందాం.”

రీలు లోపలి చుట్లలో ఏదో మిగిలింది. ముందు సన్నటి కూత ముక్క. తరువాత, మైకుకు మూతి ఆనించి అరిచినట్టు ఒక పిల్లవాడి గొంతు.

“నా గొంతు వచ్చిందా అక్కా?”

సరసర.

“అక్కా, వచ్చిందా?”

సరసర. టేపు అయిపోయి మీట టక్కున లేచింది.

“ఎవరది?” అంది ఆవిడ.

“నేనే.”

“ఆవిడ ఏమని ఉంటుంది?” అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

“ఏమందో తెలుసండీ.” కాసేపు పెదవులు కదిలించి చూసుకున్నాడు. “అక్క గొంతే గుర్తు రావట్లేదు.”

ఆవిడ టేపును వెనక్కి తిప్పి, శబ్దం ఇంకాస్త పెంచే మార్గమేదో వెతుకుతూ వంగింది. ఆయన లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. నేను గుమ్మంలోకి వచ్చేసరికే సందు దాటి, బస్సులు ఆగే వైపు కాకుండా రెండో వైపుకు తిరిగి వెళ్ళిపోతున్నాడు.