అనుమానం గారి ఖాళీ జాబితా

ఆఫీసులో ఆయన్ని అందరూ అనుమానం గారు అంటారు. ఎదురుగానే అంటారు, ఆయన పలుకుతాడు కూడా. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే మనిషి. మూడోసారి లాగుతున్నప్పుడు, మొదటి రెండుసార్లూ సరిగ్గా లాగానా అని ఆలోచించే మనిషి. లిఫ్టులో ఎనిమిది మంది ఎక్కవచ్చని రాసి ఉంటే, ఆ రాసినవాడు ఎలాంటివాళ్ళని తూచి రాశాడోనని ఏడో మనిషి ఎక్కగానే దిగిపోయి మెట్లెక్కుతాడు. ఇలాంటి మనిషితో వేగడం ఎంత కష్టమో ఆయన భార్యని అడగాలి. ఆఫీసువాళ్ళు మాత్రం ఆ గుణానికే జీతం ఇస్తున్నారు.

ఎందుకంటే ఆయన పనే అనుమానించడం. ఎవరిదో ఒక పెద్ద కంప్యూటరు ఉంటుంది. అందులో బోలెడు వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటరు లోపలి ఉత్తుత్తి కంప్యూటర్లు, అద్దెకుంటాయి. కొన్ని తమ మెమరీ అంతా ఎన్‌క్రిప్ట్ చేసుకుంటాయి, ఓనరు తొంగిచూసినా పిచ్చిగీతలే కనబడతాయి. అంతవరకూ బాగానే ఉంది. కానీ అలాంటి అద్దెదారు కళ్ళు తెరవగానే, తన కింద ఉన్న ప్రాసెసర్‌కి ఏమేం చేతనవునో తెలుసుకోవాలి. ఆ ప్రశ్న ఓనరు చేతుల మీదుగానే పోతుంది. ‘గట్టి తాళం మా దగ్గర లేదు, ఈ గడియతో సరిపెట్టుకో’ అని ఓనరు అబద్ధం చెబితే, నమ్మి గడియ పెట్టుకున్న అద్దెదారు కొంప మునిగినట్టే.

దానికో ఏర్పాటుంది. ప్రాసెసర్‌కి ఏమేం వచ్చో ఓనరు ముందుగానే జాబితా రాసివ్వాలి. చిప్పులోనే ఉండే ఓ చిన్న కాపలా ప్రాసెసర్ దాన్ని సరిచూసి ముద్ర వేస్తుంది. అబద్ధముంటే ముద్ర పడదు. అద్దెదారు లేస్తూనే ఆ జాబితాకి నకలు తీసి దగ్గర పెట్టుకోవాలి. ఇక ఏ అవసరమొచ్చినా నకలే చూసుకోవాలి, ఓనరుని అడగకూడదు. ఆ నకలు తీసే నాలుగొందల లైన్లే అనుమానం గారి మూడేళ్ళ కష్టం.

ఓనరు వైపు పని చూసేది పక్క గదిలో ఉన్న ఇంకో ఇంజినీరు. ఆవిడని ఈయన ఓనరమ్మ అంటాడు. ఆవిడ ఈయన్ని అద్దెకున్నాయన అంటుంది. ఇద్దరికీ మధ్య గోడ ఒకటే గాని, ఆ గోడకి రెండువైపులా చెవులున్నాయని ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి, తమ రోగుల వివరాలు ఇందులో దాచుకోవాలనుకుంటున్న ఓ ఆసుపత్రి వాళ్ళు వచ్చి, మెషీన్ లేవడం కళ్ళారా చూడాలి. అది లేవకపోతే అనుమానం గారి మూడేళ్ళ పనీ అటకెక్కుతుందని మేనేజరు తేల్చి చెప్పేశాడు. ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా పరీక్షించిన కోడ్‌ని బుధవారం మొదటిసారి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపారు. మెషీన్ లేవబోయి పడిపోయింది.

లేచే ఆ మొదటి క్షణాల్లో మెషీన్‌కి తెర ఉండదు, అక్షరమ్ముక్క చూపించే దిక్కుండదు. పడేముందు ఒక్క అంకె మాత్రం బయటికి విసరగలదు. నకల్లో ఎన్ని వరుసలున్నాయో చెప్పి చావమని ఆయన కోడ్ రాశాడు. సున్నా అని చెప్పి చచ్చింది.

నిజం చెప్పాలంటే ఆయనకి సంతోషమే కలిగింది. మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న దొంగ ఇన్నాళ్ళకి దొరికాడు. ‘ఓనరు వైపు నుంచి ఖాళీ జాబితా వస్తోంది’ అని మేనేజరుతో కలిపి పదకొండు మందికి మెయిల్ పెట్టాడు.

ఐదు నిమిషాల్లో ఓనరమ్మ వచ్చి ఆయన బల్ల దగ్గర నిలబడింది.

“జాబితా మీద ముద్ర పడిందా లేదా?”

“పడింది.”

“ముద్ర పడితే నమ్మాలని రాసింది మీరే కదా.”

“అది మెషీన్‌కి రాశానండీ, నాకు కాదు.”

ఆవిడ ఆ రోజు సాయంత్రం వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాల్సింది. అమ్మకి కంటి ఆపరేషన్. ఆ మెయిల్ చూసిన మేనేజరు, ఇది తేలాక వెళ్ళమన్నాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టయింది. ఆవిడ అక్కయ్యని పంపి, తను రెండు రోజులు తన వైపు కోడంతా దువ్వెనతో దువ్వినట్టు వెతికింది. ఏమీ దొరకలేదు. అనుమానం గారికి జాలేసింది గాని, జాలి వేరు, సున్నా వేరు అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఆయన ఐదున్నరకే లేచాడు. వంటింట్లో చిన్న తెల్లబోర్డు ఒకటుంది. ‘కుళాయి బాగుచేసే అతను ఏడింటికి వస్తాడు. పైన ట్యాంకు వాల్వు కట్టాకే కుళాయి విప్పనివ్వు’ అని దానిమీద రాసి, మూడుసార్లు చదువుకుని, నడకకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి వంటిల్లు చెరువైంది. కుళాయి బాగుచేసే అతను తలనుంచి నీళ్ళు కారుతుంటే, పైపుకి అరచెయ్యి అడ్డంపెట్టి నిలబడ్డాడు. భార్య బకెట్టుతో తోడుతోంది. ఆయన పరుగున మేడెక్కి వాల్వు కట్టొచ్చాడు.

“బోర్డు మీద అంత స్పష్టంగా రాసి వెళ్తే చూసుకోవద్దా?” అన్నాడు.

“బోర్డు మీదేముంది, ఖాళీగా ఉంది.”

“ఎవరు తుడిచారు మరి?”

“నేనే,” అందావిడ. ఆవిడ లెక్కల టీచరు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు బోర్డు తుడిచిగాని మాట్లాడదు. “పదిహేడేళ్ళుగా వంటింట్లోకి రాగానే మొట్టమొదట ఆ బోర్డే తుడుస్తున్నాను. ఏముందో కూడా చూడను. మీకు తెలుసు. తెలిసి నేను లేవకముందు రాసిపోతే తప్పు ఎవరిదండీ?”

ఆయన చీలమండల దాకా నీళ్ళలో నిలబడి బోర్డు వంక చూస్తూ ఉండిపోయాడు. మెషీన్ లేచే వరసలో మెమరీలో ఒక భాగాన్ని సాంతం సున్నాలతో తుడిచేసే మెట్టు ఒకటుంది. లోపల ఏముందో అది చూడదు. ఆయన ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉన్న పద్ధతే, ఆయనకీ తెలుసు. నకలు తీసేది ఆ తుడుపుకి ముందు. పెట్టింది సరిగ్గా ఆ భాగంలోనే. లోకంలో అందర్నీ అనుమానించినాయన, తను రాసింది కదా అని, నకలు ఎక్కడ పెట్టాడో ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ లెక్కల టీచరు పట్టింది.

తడిసిన ప్యాంటుతోనే ఆఫీసుకి వెళ్ళాడు. నకలుని తుడుపు తగలని చోటికి మార్చడానికి ఒక్క లైను పట్టింది. మెషీన్ లేచింది. జాబితాలో ముప్పై ఎనిమిది వరుసలు, ఓనరమ్మ రాసినవి రాసినట్టే ఉన్నాయి. ఆ పదకొండు మందికీ మళ్ళీ మెయిల్ పెట్టాడు: ‘జాబితా మొదట్నుంచీ సరిగ్గానే వచ్చింది. నకలు నేనే తుడిచిపోయే చోట పెట్టాను. తప్పు నాది.’ మూడుసార్లు చదవకుండా ఆయన పంపిన మొదటి మెయిల్ అదే.

తర్వాత పక్క గదికి వెళ్ళాడు. సిగ్గుతో గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“మెయిల్ చూశాను,” అంది ఓనరమ్మ. “పొద్దున మా అమ్మకి కట్టు విప్పారు. ముందు నన్నే చూడాలని కాసేపు కళ్ళు మూసుకునే కూర్చుందట.”

ఆవిడ కోపంగా అని ఉంటే ఆయనకి కొంత తేలిగ్గా ఉండేది.

“మీరు ఇప్పుడే బయల్దేరండి మేడం. మీరొచ్చేదాకా మీ వైపు నేను చూసుకుంటాను.”

“ఓనరు వైపు? మీరా?” అని ఆవిడ మొదటిసారి నవ్వింది. తన గది తాళాలు ఇచ్చి వెళ్ళిపోయింది.

రెండింటికి ఆసుపత్రి వాళ్ళ ముందు మెషీన్ బుద్ధిగా లేచింది. మేనేజరు అందరితో చేతులు కలిపాడు. మూడేళ్ళ పని నిలిచింది. మూడున్నరకి ఆయన ఓనరమ్మ కుర్చీలో కూర్చుని ఉండగా, వేరే ఊరి ఆఫీసు నుంచి, ముఖం కూడా ఎరగని ఓ అద్దె వైపు ఇంజినీరు మెయిల్ పెట్టాడు: ‘మీ వైపు నుంచి తప్పుడు జాబితా వస్తోంది.’ మరో తొమ్మిది మందికి నకళ్ళు.

అనుమానం గారికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ముద్ర చూశాడు. పడే ఉంది. ముద్ర పడ్డాక కూడా నన్ను అనుమానిస్తాడా అనుకుని, నిప్పులు చెరుగుతూ ఒక పేజీ రాశాడు. రాసి, గోడ అవతల ఖాళీగా ఉన్న తన గది వైపు చూసి, మొత్తం చెరిపేశాడు.

‘ముద్ర పడింది, నేను చూశాను. మా వైపు ఇంకోసారి కూడా చూస్తాను. ఈలోగా మీ నకలు ఎక్కడ పెట్టారో మీరూ ఒకసారి చూసుకోండి. నాకిలాగే జరిగింది,’ అని రాశాడు. ఆ తొమ్మిది పేర్లూ ఒక్కొక్కటే తీసేసి, అతనొక్కడికే పంపాడు.