నేను తీసుకున్న గ్రూపు

ఇంటర్లో నాకు ఎంపీసీ ఇప్పించింది మా నాయన. తర్వాత టైపులో చేర్పించిందీ ఆయనే, అది దండగని మాన్పించి ఆత్మకూరు కంప్యూటరు సెంటరులో వేసిందీ ఆయనే. పంతొమ్మిదేళ్లు వచ్చినా చెప్పుల రంగు కూడా నేను ఎంచుకుని ఎరగను. తొంభై తొమ్మిదిలో మొదటిసారి ఆ అవకాశం వచ్చింది. అదీ ఒక ఆటలో.

మా సెంటరులో ఇంటర్నెట్టు కోసం ఫోను తగిలించిన కంప్యూటరు ఒక్కటే ఉండేది. ఒక శనివారం సారు దాంట్లో ఏదో దూరదేశపు ఆట తెరిచారు. బొమ్మల్లేవు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. కోటలూ గుహలూ రాక్షసులూ చదువుకుని ఊహించుకోవాల్సిందే. ఎక్కడెక్కడివాళ్లో అదే సమయంలో అందులో తిరుగుతున్నారట. లోపలికి పోవాలంటే ముందు మనం ఎవరమో తేల్చుకోవాలి: యోధుడు, మంత్రగాడు, వైద్యుడు, దొంగ.

"బాగా ఆలోచించుకోండి. ఒకసారి తీసుకుంటే మార్చేదానికి లేదు," అన్నారు సారు.

నాకు గుండెల్లో రాయి పడింది. మార్చడానికి వీల్లేనిది ఏదైనా మా ఇంట్లో నాయనను అడిగే చేస్తాం. నాలుగింటి వివరాలూ ఒక కాగితం మీద రాసుకుని, ఆదివారం పొద్దున్నే హాస్టలు నుంచి మా ఊరు ఉదయగిరికి బస్సెక్కాను.

నాయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, చర్చిలో సంఘపెద్ద. ఆరాధన అయ్యి ఇంటికొచ్చాక కళ్లజోడు పెట్టుకుని, ఆ కాగితాన్ని అడ్మిషను ఫారం చదివినట్టే పైకి చదివారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"యోధుడు వద్దు. దెబ్బ తగిలితే మంచం పట్టాల్సిందే. మంత్రాల జోలికి మనం పోకూడదు, వాక్యం ఒప్పుకోదు. వైద్యుడు తీసుకో. యాడికి పోయినా గౌరవం ఉంటాది."

"మరి దొంగ?" అన్నాను.

"మాస్టారి కూతురు దొంగా?" అని ఆయనే పెన్నుతో ఆ లైను కొట్టేశారు.

వంటింట్లోంచి మా అవ్వ, నాయన వాళ్లమ్మ, "దొంగకి గోడలెక్కేది, తాళాలు తీసేది వస్తాదంట గదా? నేనైతే అదే తీసుకుంటా," అంది. నాయన వినపడనట్టే కాగితం మడిచి నా చేతికిచ్చారు.

సోమవారం తెర ముందు కూర్చున్నాను. వైద్యుడి అంకె మూడు, దొంగది నాలుగు. వేలు మూడు మీదే పెట్టాను. ఎవరెవరో దెబ్బలు తిని వస్తుంటే కట్లు కడుతూ కూర్చోవడం తలుచుకుంటే ఆవలింత వచ్చింది. నాలుగు నొక్కేశాను. కోట గోడ కింద నిలబడి ఉన్నావని తెర మీద పడింది. ఎక్కుతానని టైపు కొట్టాను. ఎక్కేశాను! తాళం తీస్తానన్నాను. తీసేశాను! సెంటరంతా తిరిగి చూసేటట్టు నవ్వాను. ఇంటర్ పాసయినప్పుడు కూడా నాకు అంత సంతోషం లేదు.

ఆ సంతోషం వారమంతా ఉంది. మళ్లీ ఆదివారం ఉదయగిరిలో బస్సు దిగాక మాత్రం ఇంటిదాకా నెమ్మదిగా నడిచాను. నాయన మాట కాదనడం నా జన్మలో అదే మొదటిసారి. ఆయన పళ్లెం ముందు కూర్చోగానే అడిగారు.

"ఏమ్మా, వైద్యుడిలో చేరినావా?"

"లేదు నాయనా. దొంగ తీసుకున్నా. నాకు అదే ఇష్టం."

అవ్వ వడ్డించేది ఆపి ఆయన మొహం చూసింది. నాయన అన్నంలో పప్పు కలుపుకున్నారు.

"మార్చేదానికి లేదంటివి గదా?"

"లేదు."

"ఎంతమంది ఉండారు, ఆ దొంగలు?"

"చానామంది ఉండారు నాయనా."

"అయితే ఫస్టు రావాల," అన్నారు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ. "ఇష్టపడి తీసుకున్నాక ఊరికే పాసయితే చాలదు."