ఎండలో పెట్టి చూసే మేస్త్రీ

ఆదోనిలో నాకు సెల్‌ఫోన్ల రిపేరు నేర్పిన మేస్త్రీ పోయారని ఈమధ్యే కబురు వచ్చింది. ఆ మెసేజీ తెరుచుకోవడానికి నా ఫోను చాలాసేపు తీసుకుంది. అప్పుడు కూడా నా అనుమానం ఆయన మీదకే పోయింది. సిగ్గుగా ఉంది కానీ నిజం.

అనుమానం నేర్పిందీ ఆయనే. కింద పడలేదని ఎవరన్నా అంటే, ముందు ఫోను మూలలు తడిమి చూసేవారు. బాగుచేసి ఇస్తే నన్నూ నమ్మేవారు కాదు.

"ఫ్యాను కింద అన్నీ బాగనే పరిగెత్తుతాయిమ్మా. ఎండలో పెట్టి సూడు."

గడప బయట పావుగంట పెడితే అదే ఫోను నత్తనడక నడిచేది.

"వేడెక్కితే లోపల ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటాది. బ్యాటరీ నీరసపడినా అంతే. ఇప్పుడు నమ్మకం కుదిరిందా?"

ఒకరోజు నందవరం నుంచి వచ్చిన కూలి ఆమె ఫోనులో, ఆయన వేగం తగ్గించే సెట్టింగు పెట్టడం చూశాను. మళ్లీ మళ్లీ రిపేరుకు రావాలనే ఇలా చేస్తున్నారనుకున్నాను. అడగలేదు. ఏదో సాకు చెప్పి మానేసి, ఎమ్మిగనూరులో సొంతంగా అంగడి పెట్టుకున్నాను.

రెండు నెలల కిందట ఆయనే ఫోను చేశారు. నా ఫోను మందగించిందని మాటల్లో అన్నాను.

"బ్యాటరీ పోయింటాది. ఒకటి తీసిపెడతా, వచ్చి తీసుకపో."

వెళ్లలేదు. మానేసే ముందు నా ఫోను ఆయన చేతిలో ఒక పూట ఉంది. దీన్నీ ఆయనే నెమ్మది చేశారని నా లెక్క. అందరి ఫోన్లూ చూసే నేను నా సెట్టింగులు తెరిచి చూడలేదు. చూస్తే అనుమానం పోతుందని భయమేమో.

దినాలకు వెళితే నందవరం ఆమె కనబడింది. ఫోను గురించి అడిగాను.

"మెల్లగ పెట్టమన్నది నేనేనక్కా. సేన్లో సార్జింగు యాడ పెట్టేది? మెల్లగుంటే సార్జింగు శానాసేపు వస్తాది. ఇంటికాడ మాయమ్మకు మూర్ఛ. పొద్దుగూకేదాకా బిడ్డ ఎప్పుడు ఫోను సేసినా మోగాల."

అక్కడే నా ఫోను తెరిచి చూశాను. వేగాన్ని ఎవరూ తగ్గించలేదు. మేస్త్రీ భార్య సొరుగులోంచి ఒక కవరు తెచ్చిచ్చింది. దాని మీద ఆయన చేతిరాతలో నా పేరు, లోపల కొత్త బ్యాటరీ.

ఎమ్మిగనూరుకు వచ్చి బ్యాటరీ మార్చాను. అలవాటు కొద్దీ ఫోనును గడప బయట ఎండలో పెట్టి పక్కన కూర్చున్నాను. పావుగంట దాటింది. నమ్మకం కుదిరిందా అని అడిగే గొంతు కోసం ఇంకా కూర్చునే ఉన్నాను.