డయాఫ్రమ్ రబ్బరు ఆరేదాకా

శనివారం ఉదయం ఆరుంబావుకి పలాసలో దిగాను. భుజాన కిట్‌బ్యాగు, చేతిలో పానాల పెట్టె. ఇరవై రోజుల సెలవు. స్టేషన్ దగ్గరి స్పేర్‌పార్టుల షాపు ఇంకా తియ్యలేదు. తీసేదాకా ఎదురుగా టీ తాగుతూ కూర్చున్నాను. నూటయాభై సీసీ బండి కార్బొరేటర్‌కి డయాఫ్రమ్ ఒకటి కొన్నాను. అరచేతిలో పట్టే నల్లటి పల్చని రబ్బరు. తెమ్మని బావ ఫోన్‌లో మరీ మరీ చెప్పాడు.

పదిహేడేళ్లు సైన్యంలో వాహనాల మెకానిక్‌గా చేశాను. కనబడినవాళ్లంతా మంచుకొండల గురించి చెప్పమంటారు. అక్కడ నాకు చలి వేసింది, అంతే. నాకు భయం వేసింది ఉద్దానంలో, మా అక్క ఇంటి వాకిట్లో. అందుకే ఆ డ్యూటీ గురించే చెబుతాను.

అక్కకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మా ఉద్దానంలో ఇది వింత కాదు, వీధికి ఇద్దరు ముగ్గురున్నారు. సోమ, బుధ, శుక్రవారాల్లో పద్నాలుగు కిలోమీటర్ల దూరాన డయాలసిస్. తీసుకెళ్లేది బావ. జీడితోట పని మధ్యలో ఆపి, పాత బండి మీద ఆమెను వెనక కూర్చోబెట్టుకుని పోతాడు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే రిపోర్టు ఇచ్చాడు.

"బండి ముప్పై దాటట్లేదు బామ్మర్దీ. ఏక్సిలేటర్ తిప్పితే గుర్రుమని ఆగిపోతన్నాది. రబ్బరు సిరిగిపోనాదని మెకానిక్ సెప్పినాడు."

"రేపు మార్సేస్తాను బావా."

ఆ రేపు రాలేదు. ఆదివారం చేపల పులుసు తిని పడుకున్నాను. సోమవారం వాళ్లిద్దరూ ఈడ్చుకుంటూ వెళ్లి ఈడ్చుకుంటూ వచ్చారు. మంగళవారం చుట్టాలొచ్చారు. యూనిట్‌లో ఇలా చేసి ఉంటే నన్ను గ్రౌండు చుట్టూ పరుగెత్తించేవారు.

బుధవారం తుపాను వచ్చింది. గురువారం మధ్యాహ్నానికి గాలి ఆగింది. కరెంటు లేదు. రోడ్డు మీద పదిగజాలకొక కొబ్బరిచెట్టు పడుంది. ఆటో కదలదు, అంబులెన్సు రాదు. చెట్ల సందుల్లోంచి దూరగలిగేది మోటారుసైకిలొక్కటే. ఆ సాయంత్రం బావ కిక్కు కొట్టాడు. ఇంజను అందుకుంది. గేరు వేసి రెండడుగులు పోగానే ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఆగింది. అప్పటికే చీకటి, టార్చి వెలుతురులో కార్బొరేటర్ విప్పే ధైర్యం చెయ్యలేదు.

శుక్రవారం ఉదయం ఏడు. ఆకాశం తేటగా ఉంది. అక్కకి డయాలసిస్ అయి నాలుగు రోజులు. పాదాలు ఉబ్బి పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. ముఖం నాకే కొత్తగా ఉంది. పడుకుంటే ఊపిరందక గోడకి ఆనుకుని కూర్చుంది. నీళ్లు పెదవులు తడుపుకునేందుకే. బావ వాటర్ ట్యాంకు ఎక్కి, సిగ్నల్ దొరికినచోట నిలబడి డయాలసిస్ సెంటర్ టెక్నీషియన్‌కి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో మాటలు కిందికి వినబడ్డాయి.

"పన్నెండున్నరలోపు తెస్తే మిషనెక్కించేస్తాను. జెనరేటర్‌లో డీజిల్ సాయంత్రందాకే వస్తాది."

"ఒకేళ కుదరకపోతే?"

"కుదుర్సుకోండి బాబూ. నీరు ఊపిరితిత్తుల్లోకి పోతే నాను సెయ్యగలిగిందేటీ నేదు."

బావ దిగి గొడ్డలి తీసుకున్నాడు. వీధిలోంచి నలుగురు మనుషులు కలిశారు. "నువ్వు బండి సూసుకో. నాను దారి సూసుకుంటాను," అని వెళ్లిపోయాడు.

ఏడూ నలభైకి మొదలుపెట్టాను. సీటు, పక్క రేకులు తియ్యడం, పెట్రోల్ కుళాయి కట్టెయ్యడం, క్లాంపులు వదులు చెయ్యడం. కార్బొరేటర్ ఊడి చేతికి వచ్చింది. పైమూత స్క్రూలు ఉప్పుగాలికి బిగుసుకుపోయాయి. రెండోదాని తల అరిగిపోయింది. ఉలి పెట్టి తిప్పాను. మూత తీస్తే స్ప్రింగు, దాని కింద పాత డయాఫ్రమ్. అంచున వడ్లగింజంత చిరుగు. ఇంజను గాలి లాగినప్పుడు ఈ రబ్బరు పైకి లేవాలి, లేస్తేనే పెట్రోలు అందుతుంది. చిరిగితే లేవదు. బండి అక్కడే చతికిలబడుతుంది.

యూనిట్‌లో మా ఉస్తాద్ నేర్పింది ఒకటే. కొత్త సామానుకి పూత నూనె ఉంటుంది, కడగకుండా బిగించకు. లారీల ఇనప సామాను ఏళ్ల తరబడి పెట్రోల్ ట్రేలో కడిగిన చేతులు నావి. ట్రేలో పెట్రోలు చిమ్మే సన్న జెట్లు వేశాను, స్ప్రింగు వేశాను, మూత వేశాను. కొత్త రబ్బరు కూడా వేశాను. ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే వేసింది.

ఎనిమిదింబావుకి తీసి బిగించబోయాను. రబ్బరు అంచు గాడిలో కూర్చోలేదు. ఒకవైపు నొక్కితే మరోవైపు లేస్తోంది. పాతదాని పక్కన పెట్టి చూశాను. కొత్తది చుట్టూ అగ్గిపుల్ల మందాన పెద్దదైపోయింది. పెట్రోలు తాగి ఉబ్బింది. ఇంకో రబ్బరు కావాలంటే పలాస వెళ్లాలి. పలాస వెళ్లాలంటే ఈ బండే కావాలి.

అప్పుడే బావ మోకు కోసం వెనక్కి వచ్చాడు. ఒళ్లంతా చెక్క పొట్టు.

"అయిపోనాదా?"

"షాపోడు కొలత తప్పిచ్చినాడు బావా. రబ్బరు పెద్దది."

అబద్ధం నోట్లోంచి సులువుగా వచ్చేసింది. బావ షాపువాడిని నాలుగు తిట్లు తిట్టి, మోకు భుజాన వేసుకుని పరుగెత్తాడు. అరుగు మీద గోడకి ఆనుకుని అక్క నావైపే చూస్తోంది.

పెట్రోలు గాలికి ఎగిరిపోతే రబ్బరు మళ్లీ కుదించుకుంటుంది, అది తెలుసు. ఎంతసేపట్లో అన్నది తెలీదు. ఎండలో పెడితే గట్టిపడి పగులుతుందని భయం. ఫ్యానుకి కరెంటు లేదు. నీడలో నిలబడి రబ్బరుని ఊదుతున్నాను.

"ఇలాగియ్," అంది అక్క.

"నువ్వు కూకో అక్కా."

"కూకునే ఉన్నాను గదరా. నువ్వు మిగతాది బిగించీ."

డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతిలో రబ్బరు పెట్టుకుంది. కుడిచేత్తో తాటాకు విసనకర్ర. ఆయాసానికి మాట మధ్యలో తెగిపోతోంది కానీ విసురు ఆగలేదు. నేను జెట్లు బిగించాను, కేబుల్ పెట్టాను, చెయిన్‌కి నూనె రాశాను. చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. మళ్లీ చెయిన్‌కే నూనె రాశాను.

తొమ్మిదిన్నర. "ఆరిందేటో సూడు." రబ్బరు గాడిలో కూర్చోలేదు.

పదింబావు. "సూడు." మూడువైపులా కూర్చుంది, నాలుగోది లేచింది.

పదకొండుకి చేతులు మార్చకుండా ఇంకా విసురుతూనే ఉంది. నేను విసనకర్ర లాక్కోబోతే మోచేత్తో తోసింది. ఆమె గోళ్లు తెల్లగా పాలిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. తల తిప్పుకుని పానాలు సర్దాను.

పదకొండూ పది. రబ్బరు గాడిలోకి దిగింది. చుట్టూ వేలితో రెండుసార్లు తడిమాను. స్ప్రింగు, మూత, స్క్రూలు. కిక్కు కొట్టాను. ఏక్సిలేటర్ తిప్పితే ఇంజను ఒక్కసారిగా గొంతెత్తింది. అక్కని వెనక ఎక్కించుకుని, ఆమె తువ్వాలుతో మా ఇద్దరినీ నడుము దగ్గర కలిపి కట్టాను.

దారి పొడుగునా కొట్టిన చెట్ల మొద్దులు. మూడుచోట్ల బావ మనుషులు బండిని ఎత్తి అవతల పెట్టారు. నాలుగోచోట బావ అక్కని ఎత్తుకుని దాటించాడు. కాలవ వంతెన ఎక్కేటప్పుడు గేరు దించి ఏక్సిలేటర్ పూర్తిగా తిప్పాను. ఆగిపోతుందేమోనని పళ్లు బిగపట్టాను. ఆగలేదు. నా వీపు మీద ఆమె తల బరువుగా వాలి ఉంది. "అక్కా," అని పిలిచినప్పుడల్లా "ఊఁ" అంది. ఒకసారి అనలేదు. ఆ అర కిలోమీటరు ఎలా నడిపానో ఇప్పటికీ చెప్పలేను.

పన్నెండూ ఇరవైకి గేటులో ఉన్నాం. టెక్నీషియన్ చక్రాల కుర్చీతో ఎదురొచ్చాడు. "పదినిమిషాలు మిగిలినాయి," అన్నాడు. నేను అక్కని ఎత్తి అందులో కూర్చోబెట్టాను.

సెలవు అయిపోయింది. తిరుగు ప్రయాణం రోజున బావ బండి స్టార్ట్ చేసి ఉంచాడు. ఇంకా షాపువాడిని తిడుతూనే ఉన్నాడు. అక్క నా చేతికి జీడిపప్పు పొట్లం ఇచ్చి, దగ్గరికి లాగి, ఇంజను చప్పుడు మాటున చెవిలో చెప్పింది.

"షాపోడి తప్పేటుందిరా? రబ్బరు పెట్రోల్లో నువ్వెయ్యడం సూసినాను."

బావకి వినబడిందేమోనని అటు చూశాను.

"మరి అప్పుడే ఎందుకు అనలేదక్కా?"

"అంటే నీ సెయ్యి వణికిపోతాదని. బిగించాల్సింది నువ్వే గదా."

సైన్యంలో చూసినవి చాలావరకు మరిచిపోయాను. కొండలు, నంబర్లు, మనుషుల ముఖాలు కూడా. ఇప్పుడు రిటైరై ఇంటి దగ్గరే బళ్లు బాగుచేస్తున్నాను. కార్బొరేటర్ మూత విప్పిన ప్రతిసారీ అరుగు మీద అక్క కనబడుతుంది. ఎడమ అరచేతిలో రబ్బరు, కుడిచేతిలో విసనకర్ర. నా తప్పని తెలిసి కూడా, నా వైపు చూడకుండా విసురుతూ ఉంటుంది.